చూపు తగలని చోట

రెండో సగం మొదలై పావుగంట అయి ఉంటుంది, లేదా పది నిమిషాలే అయిందేమో, కింద ఉన్నవాడికి కాలం ఎలా తెలుస్తుంది, పైన కాంక్రీటు మీద ఇరవై వేల మంది ఒక్కసారిగా గెంతుతుంటే సున్నం పొడి రాలి ఎలీసియో బట్టతల మీదా భుజాల మీదా పడుతోంది, అతను దులుపుకోవడం కూడా మానేశాడు, స్టేడియం మెట్ల కింది మూత్రశాలలో, కారే కొళాయికీ పగిలిన తొట్టికీ మధ్య గోడకి వీపు ఆనించి చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఒకటి ఒకటి. ఇలాగే ఉంటే చాలు, గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు, సలదేరో క్లబ్ మొదటి డివిజన్‌లో మిగులుతుంది, ఓడిందా, ఈ సాయంత్రంతో రెండో డివిజన్‌లో పడుతుంది, అక్కడ పడ్డవాళ్ళు మళ్ళీ లేచి రావడానికి పదేళ్ళు పడుతుంది, ఇరవై పడుతుంది, కొందరు లేవనే లేవరు. పైన అరుపులు వినిపిస్తున్నంత సేపూ భయం లేదు. బయటి జట్టు అభిమానులను రానివ్వడం మానేసి ఏళ్ళయింది, స్టేడియం నిండా మనవాళ్ళే, అందుకని ఎదుటి జట్టు ఎస్ట్రేయా వాళ్ళు గోల్ కొడితే అరిచే నాథుడుండడు, పైనంతా చప్పబడిపోతుంది. ఎలీసియో భయపడుతున్నది ఆ చప్పబడటానికే. గోల కాస్త తగ్గినప్పుడల్లా అతని పై ప్రాణాలు పైకే పోతున్నాయి, మళ్ళీ డప్పులు అందుకోగానే ఊపిరి పీల్చుకుంటున్నాడు, పీల్చుకున్న ప్రతిసారీ ఆ కంపు ముక్కు పగలగొడుతోంది.

అతన్ని కిందికి తోసింది పగవాళ్ళు కాదు, నలభై ఏళ్ళుగా ఒకే వరసలో పక్కపక్కన కూర్చునే స్నేహితులు, అందులోనూ రుఫినో, మాంసం కొట్టు రుఫినో, బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. పదకొండో నిమిషంలో ఎస్ట్రేయా వాళ్ళు గోల్ కొట్టారు, ఇరవై వేల మంది నోళ్ళు పడిపోయాయి, ఆ నిశ్శబ్దంలో రుఫినోకి ఎక్కడినుంచి గుర్తొచ్చిందో గుర్తొచ్చింది, పోయిన నెల ఇక్కడే, ఎలీసియో మూత్రానికి వెళ్ళినప్పుడే కదా మనవాళ్ళు గోల్ కొట్టింది అని. అంతే, వెళ్ళి పోసుకుని రా అన్నాడు. రావట్లేదురా అన్నాడు ఎలీసియో. రాకపోయినా వెళ్ళు అన్నాడు రుఫినో. నవ్వుతూనే అన్నాడు, మిగతా ఇద్దరూ నవ్వారు, కానీ ఆ నవ్వులో ఆట లేదు, ఈ ఊళ్ళో ఇలాంటి వాటితో ఎవరూ ఆడరు, రుఫినో వేసుకున్న బనియను ఏడు వారాలుగా ఉతకలేదు, ఉతకబోయిన పెళ్ళాంతో రెండు రోజులు మాట్లాడలేదు. ఎలీసియో మెట్లు దిగాడు. దిగి ఇక్కడ నిలబడ్డాడో లేదో పైన పిడుగు పడింది, గోడలు అదిరాయి, మనవాళ్ళ గోల్, ముక్కూ మొహం తెలియనివాడు ఒకడు ప్యాంటు సరిగా వేసుకోకుండానే వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. పరిగెత్తి మెట్లెక్కబోతే పై మెట్టు దగ్గర రుఫినో రెండు చేతులూ బార్లా చాచి అడ్డంగా నిలబడ్డాడు, కళ్ళ నీళ్ళతో, నీకు దండం పెడతాను వెనక్కి వెళ్ళు, మళ్ళీ పైకి రాకు, ఆట అయ్యేదాకా రాకు అని. విరామంలో ముగ్గురూ దిగి వచ్చి అతన్ని ముద్దు పెట్టుకున్నారు, కాల్చిన సాసేజి పెట్టిన రొట్టె చేతిలో పెట్టారు, ఓ దేవుడికి నైవేద్యం పెట్టినట్టు పెట్టి వెళ్ళిపోయారు. అతను ఆ రొట్టె తినలేకపోయాడు, కాగితం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

చెప్పేసి ఉంటే సరిపోయేది. విరామంలో ముగ్గురూ ఎదురుగా ఉన్నప్పుడే చెప్పేసి ఉంటే. ఒరేయ్, మంగళవారం నాకు కంటి ఆపరేషన్, ఉన్న ఆ ఒక్క కన్ను, మిగులుతుందో పోతుందో డాక్టరమ్మే చెప్పలేనంది, చెయ్యకపోతే మాత్రం ఈస్టర్ దాకా కూడా ఆగదంది, కాబట్టి ఇదే నేను చూసే చివరి ఆట, నన్ను చూడనివ్వండి. ఎన్ని మాటలు, పది మాటలు, నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకంటే ఆ మాటలు చెబితే వాటి వెనకే ఇంకో మాట చెప్పాలి. ఉన్న ఆ ఒక్క కన్ను అంటే, రెండోది ఎప్పుడు పోయింది అని అడుగుతారు. అడిగితే ఏడాదిన్నర అయిందని చెప్పాలి. ఏడాదిన్నర అనగానే రుఫినో వేళ్ళు మడిచి లెక్కపెడతాడు, వాడికి ఏ ఆట ఏ తేదీన ఓడిపోయామో కంఠతా వచ్చు, లెక్క తేలగానే వాడి మొహం ఎలా మారుతుందో ఎలీసియోకి చూడకుండానే తెలుసు. ఒంటికన్ను చూపు తగిలితే పచ్చటి చెట్టు మాడిపోతుందంటారు ఇక్కడ. అలాంటి మనిషిని మూఫా అంటారు, అసలు పేరుతో పిలవరు, పేరు పలికినా అరిష్టమే. పదో నంబరు గేటు దగ్గర లాటరీ టికెట్లు అమ్మే ఒంటికన్ను మనిషి ఉండేవాడు, ముప్పై ఏళ్ళు అతన్ని చూడగానే రుఫినో రోడ్డుకి అటువైపు దాటేవాడు, దాటుతూ ప్యాంటు ఎడమవైపు తడుముకునేవాడు దోషం పోవడానికి, ఎలీసియో కూడా దాటేవాడు, ఎలీసియో కూడా తడుముకునేవాడు, ఒక్కసారైనా ఆగి టికెట్ కొన్న పాపాన పోలేదు. ఆ మనిషి పేరేమిటో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఎవరైనా పలికితే కదా తెలిసేది.

గడ్డం గీసుకుంటుంటే తెలిసింది, ఏడాదిన్నర క్రితం ఒక ఆదివారం పొద్దున, సబ్బు నురగ ఎడమ కంట్లో పడింది, ఆ కన్ను మూశాడు, అద్దం మాయమైంది. చీకటి కాదు, పాలు విరిగినట్టు ఏదో తెల్లగా. కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు, భార్య దేలియా వంటింట్లోంచి కాఫీ చల్లారిపోతోందని కేకేసింది. ఆ మధ్యాహ్నమే సలదేరో సొంత స్టేడియంలో నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. ఆ తర్వాత గెలవడం అనే పనే మర్చిపోయింది. ముందు అతనూ నవ్వుకున్నాడు, కన్నుకీ బంతికీ ఏం సంబంధం అని. కానీ నలభై ఏళ్ళు ఈ మెట్ల మీద కూర్చున్నవాడు ఎంతకాలం నవ్వుకోగలడు. మోకాలి నొప్పి అని అబద్ధం చెప్పి మూడు ఆటలకి రాలేదు, రెండు గెలిచారు, ఒకటి సమానం. నాలుగో ఆటకి వచ్చాడు, ఓడిపోయారు. బస్సు నడపడం మానేసినప్పుడు కూడా మోకాలే అన్నాడు, ముప్పై రెండేళ్ళు నడిపిన బస్సు, కుడివైపు నుంచి వచ్చిన సైకిలు మనిషి చావు తప్పి బయటపడ్డ రోజున తాళాలు అప్పగించేశాడు, ఆ సంగతి దేలియాకి తప్ప ఎవరికీ తెలియదు. దేలియా ఈ లెక్కలు విని గరిటె టేబుల్ మీద కొట్టింది, నువ్వు చూసినా చూడకపోయినా ఆ పదకొండు మందికీ ఆడటం రాదు అంది. ఈ రోజు బయల్దేరుతుంటే మాత్రం చొక్కా కాలరు సరిచేసి, వెళ్ళు, కళ్ళారా చూసి రా అంది, అని గబుక్కున అటు తిరిగిపోయింది. ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చుని ఉంటుంది, అతను మెట్ల మీద ఉన్నాడనీ చూస్తున్నాడనీ అనుకుంటూ, అతను ఇక్కడ కొళాయి చుక్కలు లెక్కపెడుతున్నాడని తెలిస్తే రేడియో తీసి రుఫినో నెత్తిన కొడుతుంది.

తలుపు తోసుకుని ఒకడు వచ్చాడు, ముప్పై ఏళ్ళుంటాయి, పని కానిచ్చి చేతులు కడుక్కుంటూ గోడకి అతుక్కుని ఉన్న ఎలీసియోని ఎగాదిగా చూశాడు.

"ఏం పెద్దాయనా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. మావాళ్ళు ఇక్కడ ఉండమన్నారు."

అంతే, ఆ మనిషికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"గోల్ పడ్డప్పుడు కూడా ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడే."

"అయితే కదలకండి. మీ పుణ్యం ఉంటుంది. నీళ్ళు కావాలా? నేను తెచ్చిస్తాను, మీరు మాత్రం కదలకండి."

తెచ్చాడు కూడా, పరిగెత్తుకుంటూ వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, అరవై ఎనిమిదో నిమిషం, మనవాళ్ళకి కాళ్ళు లాగేస్తున్నాయి, బంతంతా వాళ్ళదే అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మనిషి పైకి వెళ్ళి తన పక్కవాళ్ళకి చెబుతాడు, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకి, కింద ఒక పెద్దాయన మన కోసం నిలబడ్డాడని, ఇప్పుడు రుఫినో ఒక్కడే కాదు, సగం స్టేడియం అతని కాళ్ళకి సంకెళ్ళు వేసింది. బంతంతా వాళ్ళదే. ఇరవై రెండు నిమిషాలు బంతంతా వాళ్ళ దగ్గరే ఉంటే మనవాళ్ళు ఎంతసేపు ఆపుతారు, గోల్‌కీపర్ ఇబార్రా మంచివాడే కానీ ఎత్తు బంతులకి ముందుకి రాడు, మెద్రానో ఒక్కడే మధ్యలో నిలబడి ఎన్నింటికని అడ్డం పడతాడు, ముప్పై ఆరేళ్ళవాడు, వాడికీ ఇదే చివరి ఏడు అంటున్నారు. చివరిది. ఎలీసియో నీళ్ళు తాగబోయి మానేశాడు, తాగితే వస్తుంది, వస్తే పోసుకోవాలి, పోసుకోవడం కూడా లెక్కలోకి వస్తుందో రాదో, గోల్ పడ్డప్పుడు పోసుకోలేదు కదా, ఊరికే నిలబడ్డాడు, కాబట్టి ఊరికే నిలబడాలి. ఇంత వయసొచ్చి ఇలా ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది, సిగ్గేసినా గ్లాసు కింద పెట్టేశాడు.

ఆకుపచ్చ. అదొక్కటే చూడాలని వచ్చాడు నిజానికి. చీకటి మెట్లెక్కి నోరు తెరిచినట్టుండే ఆ దారిలోంచి బయటపడగానే మీద పడే ఆకుపచ్చ, తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి చూసి అడుగు పడక నిలబడిపోతే వెనకనుంచి మామయ్య నెత్తిన ఒకటి మొట్టాడు, జనం తోసుకొస్తున్నారు నడవరా అని. ఇవాళ కూడా చూశాడు, కానీ ఎంత, చుట్టిన పేపరు గొట్టంలోంచి చూసినంత, గొట్టం అటు తిప్పితే గోల్‌పోస్టు, ఇటు తిప్పితే డప్పులవాళ్ళు, మధ్యలో ఉన్నదంతా ఏమైపోయిందో. మూడో నిమిషంలో బంతి గొట్టంలోంచి జారిపోయింది, వెతికాడు, దొరకలేదు, పక్కవాళ్ళు అయ్యో అంటే అయ్యో అన్నాడు, లేస్తే లేచాడు. పదకొండో నిమిషంలో బంతి దొరికింది. ఎట్టకేలకు దొరికింది, గుండ్రంగా తెల్లగా గొట్టం మధ్యలో నిలబడింది, కన్నార్పకుండా పట్టుకున్నాడు, అది అలాగే వెళ్ళి వెళ్ళి ఇబార్రా చేతుల పక్కనుంచి వలలో పడింది. అదీ అసలు సంగతి. రుఫినో పంపకపోయినా అతనే లేచి వెళ్ళిపోయేవాడేమో. చూస్తూ చూస్తూ, తన చూపుతోనే తోసినట్టు, సొంత జట్టు గోల్‌లోకి.

పైన ఒక్కసారి గోల ఆగిపోయింది. ఎలీసియో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఊఁ అని ఇరవై వేల మంది ఊపిరి వదిలిన చప్పుడు, పోస్టుకి తగిలినట్టుంది, లేదా పక్కనుంచి పోయినట్టుంది, డప్పులు మళ్ళీ మొదలయ్యాయి కానీ తాళం తప్పింది. అతను గోడకి నుదురు ఆనించాడు. లూహాన్ మేరీ మాతా, అని మొదలుపెట్టాడు, ఈ రెండో కన్ను కూడా నువ్వే తీసుకో, మంగళవారం దాకా ఎందుకు, ఇప్పుడే తీసుకో, మమ్మల్ని మాత్రం పడిపోనివ్వకు. అని, అన్న వెంటనే దేలియా మొహం గుర్తొచ్చింది, వద్దు, వద్దు తల్లీ, తొందరపడి అన్నాను, కన్ను ఉండనివ్వు, కావాలంటే మోకాళ్ళు తీసుకో, ఎలాగూ వాటి పేరు చెప్పుకుని బతుకుతున్నాను. దేలియాని మొదట చూసింది కూడా ఈ మెట్ల మీదే, వాన, ఆమె అన్నతో వచ్చింది, నెత్తిన పెట్టుకున్న పేపర్ని నిలువునా చింపి సగం ఇతనికిచ్చింది, ఇచ్చి మళ్ళీ ఆట చూసుకుంది, ఇతను ఆ రోజు ఆట చూడలేదు. ఎన్ని ఆటలు చూడకుండా పోయాయి. మాట్లాడుతూ, సిగరెట్టు వెలిగించుకుంటూ, రుఫినోతో పోట్లాడుతూ, కళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్న రోజుల్లో ఎంత ఆట వదిలేశాడు, ఎప్పుడూ ఇంకోటి ఉంటుందని. ఏడుపొచ్చింది. ఏడిస్తే కన్ను వాస్తుంది, డాక్టరమ్మ తిడుతుంది, అని కూడా అనిపించింది, అయినా ఏడ్చాడు.

అలా ఉండగా రుఫినో వచ్చాడు. ఆట వదిలేసి వాడు కిందికి రావడం నలభై ఏళ్ళలో లేదు. చెమటతో బనియను ఒంటికి అతుక్కుపోయింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉన్నావా? ఉన్నావు. నువ్వెక్కడ కదిలావోనని గుండె ఆగిపోయింది నాకు."

"ఎంతయింది?"

"ఎనభై రెండు. చూడలేకపోతున్నానురా. నీకేం, హాయిగా కిందున్నావు."

ఎలీసియో ఆ మాటకి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. రుఫినో అతని భుజం పట్టుకున్నాడు, గట్టిగా, ఆసరా కోసం పట్టుకున్నట్టు.

"ఎనిమిది నిమిషాలు, ఇంకో మూడో నాలుగో ఎక్కువిస్తాడు. వచ్చే సీజన్ అంతా నా పక్కనే కూర్చో, నా కుర్చీ కూడా నీదే, తనివితీరా చూసుకో. ఇవాళ్టికి మాత్రం నన్ను కాపాడు."

"రుఫినో. మంగళవారం నాకు…"

"మంగళవారం మా ఇంట్లో మాంసం కాల్చుకుందాం, బతికితే," అని అప్పటికే వాడు తలుపు దగ్గరున్నాడు, అక్కణ్ణించి వేలు చూపించి కదలకు అన్నట్టు ఊపి, వెళ్ళిపోయాడు.

వచ్చే సీజన్. వాడి నోట ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది. ఎలీసియో వాడి అడుగులు మెట్ల మీద సన్నబడటం విన్నాడు, ఇరవై రెండు మెట్లు, ఎనిమిది నిమిషాలు, ఇంకో నాలుగు, ఆ తర్వాత ఈ మెట్లు ఎక్కినా ఒకటే ఎక్కకపోయినా ఒకటే. ఉంటే వాళ్ళు బతుకుతారు. ఉంటే తను జీవితంలో చివరి ఆటలో చివరి గంట కొళాయిని చూస్తూ గడిపినవాడవుతాడు, రేపు కళ్ళు మూసుకుంటే కనబడేది ఈ తొట్టీ ఈ పెచ్చులూడిన గోడా. వెళితే, వెళ్ళి చూస్తే, ఆ చూపు ఏం చేస్తుందో ఇవాళ ఒకసారి చూశాడు. తప్పదు, ఉండాలి. ఉండలేడు. ఉండాలి అనుకుంటూనే తలుపు దాటాడు, దాటుతున్నది తన కాళ్ళేనా అని ఆశ్చర్యపోయాడు, చూడనులే, పైన నిలబడతాను అంతే, అనుకున్నాడు, ఎవరికి మాటిస్తున్నాడో తెలియదు కానీ ఇచ్చాడు. చూపు తగలకూడదు, అంతే కదా, మనిషి తగిలితే ఏమవుతుంది. కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి, మైదానానికి వీపు పెట్టి, ఒక్కొక్క మెట్టూ వెనకడుగు వేస్తూ ఎక్కాడు, బస్సు వెనక్కి నడిపినట్టు, వెలుతురు ముందు మెడ మీద పడింది, తర్వాత భుజాల మీద, చప్పుడు చెవులు పగలగొట్టింది, వేడి గాలి తగిలింది, నడుముకి ముందువరస కమ్మీ తగిలాక ఆగాడు. ఆకుపచ్చ అంతా వెనక ఉంది. ఎదురుగా, మెట్లు మెట్లుగా పైకి, మొహాలు.

ఎవరూ అతన్ని చూడటం లేదు, అందరూ అతని తల మీదుగా చూస్తున్నారు. గొట్టంలో ఒక్కసారికి ఒక్క మొహమే పడుతోంది, కానీ బంతిలా జారిపోవడం లేదు, నిలబడుతోంది. గోళ్ళు కొరుక్కుంటున్న ముసలామె. బిడ్డ చెవులు మూసి తను మాత్రం అరుస్తున్న తండ్రి. ఏడో వరసలో రుఫినో. అరవై ఒక్కేళ్ళ మొహం, ఏ రోజైనా దాన్ని పట్టి చూశాడా, జుట్టుకి రంగు వేస్తున్నాడు వెధవ, చెంప మీద మచ్చ, కింది పెదవి వణుకుతోంది. ఆట మొత్తం ఆ మొహంలో ఉంది. కళ్ళు ఎడమకి వెళితే బంతి ఎడమకి, దవడ బిగిస్తే వాళ్ళ కార్నర్, కళ్ళు మూస్తే బంతి గాల్లో, తెరిస్తే ఇబార్రా పట్టేశాడు. ఎలీసియో ఆ మొహాన్ని వదల్లేదు. ఇన్నాళ్ళూ ఏ ఆటా ఇంత దగ్గరగా చూడలేదనిపించింది, అతని గుండె కొట్టుకుంటున్నది భయంతోనో సంతోషంతోనో అతనికే తెలియలేదు. రుఫినో కళ్ళు కుడికి వెళ్ళాయి, ఇంకా కుడికి, పెద్దవయ్యాయి, ఆగాయి. నోరు తెరుచుకుంది. డప్పులు ఆగిపోయాయి, అరుపులు ఆగిపోయాయి, ఎక్కడో దూరంగా, వీపు వెనక, ఎస్ట్రేయా ఆటగాళ్ళ గొంతులు మాత్రమే కేరింతలు కొట్టడం అంత పెద్ద స్టేడియంలో విడివిడిగా వినిపించింది.

రుఫినో తల వాలిపోయింది. వాలినప్పుడే కింద కమ్మీ దగ్గర నిలబడ్డ ఎలీసియో వాడి కళ్ళకి కనిపించాడు. ముందు నమ్మలేదు. తర్వాత లేచాడు, జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగాడు, ఎవరి కాళ్ళు తొక్కాడో చూసుకోలేదు, వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, వాడి గొంతులో కోపం కూడా లేదు.

"ఎప్పుడొచ్చావు?"

"చూడలేదురా. మా అమ్మ మీద ఒట్టు. వచ్చినప్పటినుంచీ ఇటే తిరిగి ఉన్నాను, నిన్నే చూస్తున్నాను. ఒక్కసారి కూడా అటు చూడలేదు."

రుఫినో అతన్ని భుజాలు పట్టి గిర్రున మైదానం వైపు తిప్పాడు.

"చూడు మరి. ఇంకేం మిగిలిందని, చూసుకో."

ఎలీసియో చూశాడు. ఆకుపచ్చ, సాయంత్రపు ఎండ సగం వరకూ పాకింది, ఇంకా మూడు నిమిషాల ఆట ఉన్నట్టుంది, ఎవరో పరిగెడుతున్నారు, గొట్టాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఆటగాళ్ళు వస్తున్నారు పోతున్నారు, మధ్యలో ఏమీ లేదు. ఇక దాచడానికి ఓపిక లేదు, దాచి కాపాడేది కూడా లేదు.

"రుఫినో, బంతి ఎక్కడుంది?"

"ఎదురుగానే ఉంది కదరా."

"ఎక్కడ?"

వాడు పక్కకి జరిగి తన మొహంలోకి వంగి చూస్తున్నాడని ఎలీసియోకి ఊపిరి తగిలి తెలిసింది, కుడివైపునుంచి, ఆ వైపు ఎవరున్నా కనిపించరు. అలా ఎంతసేపు చూశాడో. వాడు దూరం జరుగుతాడనుకున్నాడు ఎలీసియో, జరిగితే జరగనీ అనుకున్నాడు. మెడ వెనక ఒక చెయ్యి పడింది, మాంసం కొట్టేవాడి చెయ్యి, బరువుగా, తడిగా, అతని తలని మెల్లగా ఎడమకి తిప్పింది.

"అదిగో, మెద్రానో దగ్గర," అన్నాడు రుఫినో. "ఇప్పుడు వదిలాడు. గీత పక్కనుంచి పోతోంది. పోతోంది. అక్కడే, అక్కడే చూడు."